జ్యోతి నంబరు

ఆరింటికి ఆగిపోతుందట. ఇప్పుడు నాలుగూ పది. కండక్టరు ఆత్రేయపురం ఒకటేనా అన్నాడు, ఒకటే అన్నాను, ఆ మాట నాకింకా సరిగ్గా రావడం లేదు, ముందు రెండు అని నాలుక మీదకొచ్చి తర్వాత ఒకటి బయటికొస్తుంది. ఆడవాళ్లకి టిక్కెట్టు లేకుండా చేశాక ఈ బస్సుల్లో సీటు దొరకడమే గొప్ప, నాకు వెనక చక్రం మీది సీటు దొరికింది, మోకాళ్లు ముడుచుకుని కూర్చున్నాను. జ్యోతి ఉంటే ఆధార్ కార్డు చూపించి దర్జాగా ఎక్కేది, మీకైతే డబ్బులండోయ్ అని నన్ను చూసి నవ్వేది. చొక్కా జేబులో నా ఫోను, ప్యాంటు జేబులో తన ఫోను. తను పోయి పది నెలలు. ఫోనుని మాత్రం రోజూ ఛార్జింగు పెట్టి, పొద్దున్నే తుడిచి, నాతోపాటు స్కూలుకి తీసుకెళ్లి తీసుకొస్తున్నాను. ఇవాళ ఆరింటికి ఆ నంబరు ఆగిపోతుంది. ఆగేలోపు అమ్మణ్ణి గారింటికి వెళ్లి, ఆవిడ పూతరేకులమ్ముకునే ఖాతాలోంచి జ్యోతి నంబరు తీసేసి ఆవిడ నంబరు పెట్టాలి. అది పది నిమిషాల పని. రెండో పని చెప్పడం, జ్యోతి లేదని. తెలియాల్సిన వాళ్లలో ఆ మాట తెలియని మనిషి అమ్మణ్ణి గారొక్కరే మిగిలారు. తెలియకుండా చేసింది నేను.

అసలు దీనికంతటికీ జ్యోతిదే తప్పు. తప్పంటే తప్పు కాదు. రాజమండ్రి జాంపేటలో మా వీధి మొదట్లో తన నెట్ సెంటరు, రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు, కీచుమనే ఒక ఫ్యాను. ఏ దరఖాస్తు పెట్టాలన్నా, ఏ ఖాతా తెరవాలన్నా మొదటి గడిలోనే ఫోన్ నంబరు అడుగుతుంది, ఇస్తే దానికి ఆరంకెలు పంపుతుంది, ఆ ఆరంకెలు తిరిగి కొడితే నువ్వు నువ్వేనని నమ్ముతుంది. వచ్చేవాళ్లలో సగం మందికి సొంత ఫోను లేదు. ఉన్నవాళ్లకి నంబరు నిలవదు, ఆఫరు అయిపోగానే సిమ్ము పారేసి ఇంకోటి వేయించుకుంటారు. దాంతో జ్యోతి, పోనీ నా నంబరు పెట్టేస్తానులెండి, ఇది పదిహేనేళ్లుగా మారలేదు అనేది. ఎవరి పింఛనుకో తన నంబరు, ఎవరి స్కాలర్‌షిప్పుకో తన నంబరు, పాస్టరు గారి ప్రసంగాల వీడియోలకి తన నంబరు, చివరికి నా పీఎఫ్‌కీ నా గ్యాసు బండకీ తన నంబరే. నా నంబరు నాకు గుర్తుండదు, లెక్కల మేష్టార్ని అయి ఉండి. ఎవరడిగినా తనదే గడగడా చెప్పేవాణ్ని. అలా యాభై మందికి పైగా మనుషులు కంప్యూటర్ల దృష్టిలో మా ఆవిడే. అన్నంలో చెయ్యి పెట్టగానే ఫోను టింగుమనేది. ఎడం చేత్తో తీసుకుని అంకెలు చదివేది, రెండేసి కలిపి, నలభై ఏడు, పదమూడు, అరవై రెండు, కొట్టారా అండీ అని. ఎవరికి ఫోన్ చేసినా ముందు ఓటీపీ ఎవరికీ చెప్పకండి అని ఒక గొంతు హెచ్చరించేది కదా, అది విని పకపకా నవ్వేది. నేను చెప్పకపోతే సగం జాంపేట ఆగిపోద్దండీ అనేది. నాకు ఒళ్లు మండేది. అన్నం తినేటప్పుడైనా దాన్ని కట్టెయ్యవే అనేవాణ్ని. ఇంకో నిమిషంలో చెల్లదండీ, పాపం ఎదురు చూస్తుంటారు అనేది. పిల్లల్లేని ఇంట్లో ఆ మోతే మాకు సందడి అని అప్పుడు నాకు తెలియలేదు.

ముందు సీట్లో ఒకావిడ ఎవరికో ఫోన్లో అంకెలు చెబుతోంది. తొమ్మిది, ఒకటి, ఒకటి, ఎనిమిది. అక్కడితో ఆగి కళ్లజోడు సర్దుకుంటోంది. చెప్పమ్మా తొందరగా చెప్పు, చెల్లకుండా పోతుంది. మిగతా రెండూ చెప్పింది. కూడితే ఇరవై ఏడు, మూడుతో పోతుంది. నాకదో పిచ్చి, అంకెలు కనబడితే కూడి మూడుతో పోతుందో లేదో చూడ్డం. జ్యోతి అది కూడా కనిపెట్టేసింది, అంకెలు చెప్పాక నా వైపు తిరిగి పోయిందా అనేది, పోయింది అంటే నేను, ఏదో గెలిచినట్టు సంబరపడేది.

కాకినాడ ఆసుపత్రిలో జ్యోతిని చేర్చి అప్పటికి ఏడో రోజు. ధవళేశ్వరం దాటి బ్యారేజీ మీదకెక్కాం, కిటికీలోంచి తడిగాలి కొడుతోంది, గేట్ల కింద నీళ్లు తెల్లగా విరుగుతున్నాయి, ఈ నీళ్లు చూసినా ఆ గదే గుర్తొస్తుందేంటి నాకు. ఆక్సిజన్ గొట్టానికి నీళ్ల సీసా ఒకటి ఉండేది, అందులో బుడగలు, రాత్రీ పగలూ అదే చప్పుడు, అందుకేమో. ఊపిరితిత్తులు నిండిపోయాయన్నారు. సాయంత్రం గొంతులోకి గొట్టం వేస్తాం, మాట్లాడేదేమన్నా ఉంటే మాట్లాడండి అని డాక్టరు చెప్పి వెళ్లాడు. ఏం మాట్లాడాలి? ఇరవై మూడేళ్ల సంసారంలో ఇక మాట్లాడుకోండి అని ఎవరన్నా చెబితే మాట్లాడుకున్నామా? తన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. దిండు పక్కన ఫోను టింగుమంది. కళ్లు తెరిచింది. మాస్కు పక్కకి జరపబోతే నన్నే పిలుస్తోందనుకుని చెవి దగ్గరగా పెట్టాను. ఫోను ఇమ్మని సైగ చేసింది. రమ్యశ్రీ అనే అమ్మాయిది, మా వీధి పిల్లే, నర్సింగు సీటు దరఖాస్తు, ఆ రోజే ఆఖరు. ఫోను నోటి దగ్గర పెట్టుకుని, నలభై, అంది, ఊపిరి తీసుకుంది, డెబ్బై మూడు, మళ్లీ ఊపిరి, ఇరవై ఎనిమిది. కొట్టావా తల్లీ అంది. మాస్కు నేనే సర్దాను. తర్వాత మత్తిచ్చి గొట్టం వేశారు. తర్వాత మాట లేదు.

రమ్యశ్రీకి సీటొచ్చింది. ఆ పిల్ల ఇంటికొచ్చి నా కాళ్ల దగ్గర కూలబడి ఏడిస్తే లేపి కూర్చోబెట్టాను, నీ తప్పేం లేదమ్మా అన్నాను. అబద్ధం కాదు, కానీ నిజమూ కాదు. నాకు కోపం. ఆ పిల్ల మీద కాదు, జ్యోతి మీద కోపం. ఆఖరి మాట నాకు చెప్పలేదు. నాకంటూ ఒక్క మాట మిగల్చలేదు. పది నిమిషాలు దాటితే దేనికీ పనికిరాని అంకెలు మిగిల్చి పోయింది. నాలుగు, సున్నా, ఏడు, మూడు, రెండు, ఎనిమిది. ఇరవై నాలుగు, మూడుతో పోతుంది. చర్చిలో నిలబడి ప్రార్థన అనుకుని కళ్లు మూసుకుంటే నోట్లోకి అవే వస్తాయి.

మర్నాటికి అయిపోయింది. శవాల పెట్టెలు చేసే దుకాణంలో అతను, నంబరు చెప్పండి సార్, అవ్వగానే ఫోన్ చేస్తాను అంటే అలవాటు కొద్దీ తన నంబరు చెప్పేశాను. రెండు గంటల తర్వాత జేబులో తన ఫోను మోగింది. ఎత్తాను. అతని ఫోన్లో జ్యోతి పూర్తి పేరు పడినట్టుంది, ఆశాజ్యోతి గారి నంబరేనాండీ, పెట్టె రెడీ అండీ, బండి పంపిస్తారా అన్నాడు. పంపిస్తానండీ అన్నాను. ఆ తర్వాత వారం మరణ ధ్రువీకరణ పత్రానికి దరఖాస్తు పెడితే మళ్లీ అదే గడి, మళ్లీ నా చేతులు అదే నంబరు కొట్టాయి. జ్యోతి పోయిన మాట నిజమేనా అని అడుగుతూ జ్యోతి ఫోనుకే ఆరంకెలు వచ్చాయి. కొట్టాను. ఆ రోజు నుంచి తన ఫోను మోగితే ఎత్తలేదు. ఎత్తితే ఎవరో ఒకరు జ్యోతమ్మా అంటారు, లేదండీ అని నేననాలి. ఆ మాటకి నాకు నోరు పెగలదు. తెలిసినవాళ్లతో ఆ బాధ లేదు, వీధి వీధంతా సమాధుల తోటకొచ్చింది కదా, అంకెలు కావాలంటే ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడతారు, లేకపోతే నా ఫోనుకే చేస్తారు. మేష్టారూ వచ్చిందాండీ అంటారు. వచ్చిందండీ అని చదువుతాను, తనలాగే రెండేసి కలిపి. అమ్మణ్ణి గారికే తెలియదు.

అమ్మణ్ణి గారిని నేనొక్కసారే చూశాను, ఆరేళ్ల కిందట, రాజమండ్రిలో డ్వాక్రా ఆడవాళ్లకి ఆన్‌లైన్లో సరుకులమ్మడం నేర్పే శిక్షణ పెడితే అందులో జ్యోతి చెప్పింది, ఈవిడ విన్నారు. అప్పటికే అరవై దగ్గర పడ్డ మనిషి. పూతరేకులమ్మే ఖాతా జ్యోతే తెరిచింది, తన నంబరుతో. అది నెలకోసారి బయటికి తోసేస్తుంది, మళ్లీ లోపలికి వెళ్లాలంటే ఆరంకెలు. ఆవిడ కొడుకు పేరు మీదున్న సిమ్ముతో ఒక మిస్డ్ కాల్ ఇస్తే జ్యోతి తిరిగి చేసి అంకెలు చెప్పేది, ఆ తర్వాత అరగంట కబుర్లు, మోకాళ్ల నొప్పులు, పాకం ముదరడం, కోడలి అలకలు, మళ్లీ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకోకుండా ఇంత స్నేహమేంటే అనేవాణ్ని నేను. జ్యోతి పోయిన నెల్లాళ్లకి ఆవిడ మిస్డ్ కాల్ వచ్చింది. వెనకే ఆరంకెలు వచ్చాయి. ఫోన్ చేస్తే చెప్పాలి. అంకెలు మెసేజి పెట్టేశాను. కాసేపటికి ఆవిడ నుంచి జవాబు, తప్పుల తడకగా, ఒంట్లో బాగుందా జ్యోతమ్మా అని. మా వంటింట్లో నిలబడి ఆ మాట ఎన్నిసార్లు చదువుకున్నానో. అందరూ ఎలా పోయింది, ఎన్నాళ్లు పడుంది అని అడిగారు. ఒంట్లో బాగుందా అని అడిగిన మనిషి ఒక్కరున్నారు. బాగున్నానండీ అని కొట్టాను. తప్పని తెలుసు. అయినా ఆ రోజు అన్నం తిన్నాను.

అలా పది నెలలు. ఆవిడ మధ్యమధ్యలో ఫోన్లు చేసేవారు, మోగి మోగి ఆగేది, నేను దాన్ని చేతిలో పెట్టుకుని చూస్తూ కూర్చునేవాణ్ని. మోగుతున్నంతసేపూ అవతల ఒక మనిషి జ్యోతి ఉందనుకుని ఎదురు చూస్తున్నట్టే కదా. నాకది చాలు. చాలంటే చాలదు, నాకు జ్యోతి కావాలి. కానీ దొరికింది అదే. అంకెలు పంపేవాణ్ని, పనిలో ఉన్నానండీ అని పెట్టేవాణ్ని, ఉంటానండీ అని పెట్టేవాణ్ని. ఈమధ్య ఆవిడ జవాబులు తగ్గించేశారు. ఏదో పెద్దావిడ, ఓపిక లేదనుకున్నాను.

పదిహేను రోజుల కిందట ఫోను కంపెనీ నుంచి మెసేజి, నంబరు యజమాని స్వయంగా వచ్చి వేలిముద్ర వేయకపోతే ఫలానా తేదీ సాయంత్రం ఆరింటికి సేవలు ఆగిపోతాయని. పరుగెత్తాను. కౌంటర్లో అమ్మాయి కంప్యూటర్లో చూసి, పల్లంరాజు గారు రావాలండీ అంది. పల్లంరాజు ఎవరు? ఈ నంబరు ఆయన పేరు మీదుందండీ అంది. పదిహేనేళ్ల కిందట బస్టాండు దగ్గర గొడుగు కింద బల్ల వేసుకుని సిమ్ములమ్మినవాడి దగ్గర కొన్నాం, వాడు చేతిలో ఉన్న ఏదో జిరాక్సు జత చేసి ఇచ్చేశాడు, మేమూ సరే అని పుచ్చేసుకున్నాం. యాభై మందిని వాళ్లు వాళ్లేనని ఒప్పించిన నంబరు జ్యోతిది కానే కాదట. నవ్వొచ్చింది నాకు, కౌంటరు ముందు నిలబడి నవ్వాను, తర్వాత ఆ అమ్మాయి నాకు మంచినీళ్లు తెచ్చిచ్చింది. మీ పేరుకి మార్చాలన్నా ఆయనే రావాలి సార్, మేం చేసేదేం లేదు అంది. అప్పటి నుంచి స్కూలవగానే ఇదే పని, ఒక్కొక్కళ్ల ఖాతా తెరవడం, పాత నంబరుకొచ్చిన ఆరంకెలు చదవడం, కొత్త నంబరుకొచ్చిన ఆరంకెలు కొట్టడం. ఒక్కొక్కళ్లు వెళ్లిపోతుంటే ఫోను మోత తగ్గిపోయింది. నిన్న రోజంతా ఒక్కసారి కూడా మోగలేదు, పాడైందేమోనని నా ఫోనుతో చేసి చూసుకున్నాను.

బొబ్బర్లంక దాటి కాలవ గట్టు మీద పడ్డాం. అరటి గెలలు ఎక్కించుకున్న వ్యాను అడ్డమొస్తే బస్సాగింది, డ్రైవరు తలకాయ బయటపెట్టి తిడుతున్నాడు. అయిదుకి ఎనిమిది నిమిషాలు. ఎలా చెప్పాలి? అమ్మణ్ణి గారూ, మీకో మాట చెప్పాలి. బాగాలేదు. అమ్మణ్ణి గారూ, జ్యోతి ప్రభువునందు నిద్రించింది. అది కార్డులో వేయించే మాట. అమ్మణ్ణి గారూ, నేనొక వెధవ పని చేశాను. ఇది కాస్త దగ్గరగా ఉంది. మొన్న ఆవిడకి మెసేజి పెట్టాను, మీ పేరు మీదే కొత్త సిమ్ తీసుకోండి, గురువారం మా ఆయన వచ్చి మారుస్తారు అని. మా ఆయన. ఆ రెండు మాటలు నా వేళ్లతో కొట్టాను. జ్యోతి నన్ను ఎవరి దగ్గరన్నా అలా అంటుంటే వంటింట్లోంచి ఎన్నిసార్లు విన్నానో, మా ఆయనకి చింతచిగురంటే ప్రాణమండీ, మా ఆయనకి కోపమొస్తే లెక్కలు చేసుకుంటారండీ. ఆ మెసేజి పంపాక చాలాసేపు చూసుకున్నాను. ఇంకెవరూ నన్ను మా ఆయన అనరు.

ఊళ్లో దిగి ఇల్లు వెతుక్కునేసరికి అయిదూ పావు. వసారాలో పొయ్యి మీద బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట, అమ్మణ్ణి గారు పిండినీళ్లలో గుడ్డ ముంచి కుండ మీద ఒక్క లాగు లాగి రేకు తీస్తున్నారు. నన్ను చూసి గుడ్డ గిన్నెలో పడేసి లేచారు. “రండి మేష్టారూ, రండి. జ్యోతమ్మ రాలేదాండీ?” అన్నారు. ఇదిగో, ఇప్పుడు చెప్పాలి. నా నోట్లోంచి, “ముందు ఫోను పని చూసేద్దామండీ, ఆరింటికి ఆగిపోద్ది” అని వచ్చింది. ఆవిడ మొహం చిన్నబోయింది. చేతులు కడుక్కుని ఫోను తెచ్చిచ్చారు. పీట మీద కూర్చుని ఖాతా తెరిచాను. పాత నంబరుకి ఆరంకెలు వచ్చాయి, జ్యోతి ఫోను జేబులోంచి తీసి చదివాను, మళ్లీ జేబులో పెట్టుకున్నాను. కొత్త నంబరుకొచ్చినవి ఆవిడే చదివారు, ఒక్కొక్క అంకె వేలితో చూపించుకుంటూ. కొట్టాను. మారిందని పచ్చ గుర్తు పడింది. జ్యోతి నంబరు ఉన్న చోట అమ్మణ్ణి గారి నంబరు వచ్చి కూర్చుంది. అంతే, అయిపోయింది.

“అయిందండీ. ఇంక అంకెలు మీకే వస్తాయి” అన్నాను.

“మంచిదేలెండి. ఇంక ఆవిణ్ని బతిమాలుకోక్కర్లేదు.” పమిటతో చేతులు తుడుచుకుంటూ అన్నారు. పొయ్యిలోకి ఇంకో ఆకు తోసి, “ఒక మాటంటే ఏమీ అనుకోరు కదండీ? మీ ఆవిడకి పొగరెక్కిందండి” అన్నారు.

నేను ఆవిడ వైపు చూశాను. ఆవిడ పొయ్యి వైపు చూస్తున్నారు. “అంతకుముందు ఎంత బాగా మాట్లాడేదండీ! ఇప్పుడెన్నిసార్లు చేసినా ఎత్తదు, అంకెలు మొహాన కొట్టి ఊరుకుంటుంది. మా కోడలికి కాన్పు కష్టమైనప్పుడు కాకినాడ ఆసుపత్రిలో కూర్చుని చేశానండి, ఆవిడతో మాట్లాడితే ధైర్యంగా ఉంటుందని. నాలుగుసార్లు చేశాను. పనిలో ఉన్నానండీ అని పెట్టింది. నేనేం తప్పు చేశానో అని ఎన్ని రోజులు ఏడ్చానో. తర్వాత నాకూ కోపమొచ్చింది. ఇంక ఆవిడ ఊసెత్తడం మానేశాను.”

ఆ నాలుగు ఫోన్లు నాకు గుర్తున్నాయి. చేతిలో పెట్టుకుని చూశాను వాటిని. జ్యోతిని బతికించుకుంటున్నాననుకున్నాను కదా, ఎలాంటి జ్యోతిని? కష్టంలో ఉన్న మనిషి నాలుగుసార్లు పిలిస్తే పలకని జ్యోతిని. మాస్కు తీసి అంకెలు చెప్పిన మనిషిని పట్టుకెళ్లి పది నెలల పాటు ఈ వసారాలో పొగరుబోతుని చేసి కూర్చోబెట్టాను. చచ్చిపోయిన మనిషికి ఇంతకంటే అన్యాయం ఎవరన్నా చెయ్యగలరా? అమ్మణ్ణి గారూ అన్నాను.

“లేదులెండి, మీరు బాధపడకండి, అలిగానని నేనే చెప్తాను” అంటూ ఆవిడ ఫోను అందుకున్నారు. “ఇప్పుడు నాకూ సొంత నంబరుంది కదా, మొదటి ఫోను ఆవిడకే చేస్తాను. కొత్త నంబరు కాబట్టి ఎవరో అనుకుని ఎత్తుతుంది.”

ఆవిడ నంబరు చూడకుండా కొట్టారు. ఫోను చెవిన పెట్టుకుని, ఈసారి ఎత్తుతుంది చూడండి అన్నట్టు నావైపు చూసి తలూపారు. నా జేబులో మోగింది. ఆవిడ కళ్లు నా జేబు మీదకొచ్చాయి. బయటికి తీశాను. చేతిలో ఇంకా మోగుతోంది. “ఆవిడ ఫోను మీ దగ్గరుందేంటండీ?” అన్నారు, ఫోను మాత్రం చెవి దగ్గర్నుంచి దించలేదు. మూడడుగుల దూరంలో ఉన్న మనిషి మొహం చూసి చెప్పడం నా వల్ల కాలేదు. ఎత్తాను. చెవిన పెట్టుకున్నాను.

“జ్యోతమ్మా?” అన్నారావిడ, అలవాటుగా.

“జ్యోతి లేదండీ” అన్నాను ఫోన్లోకి. “పోయింది. పది నెలలైంది. ఇన్నాళ్లూ మీకు అంకెలు పంపింది నేనండీ.”

పొయ్యిలో కొబ్బరాకు ఒకటి భగ్గున మండి ఆరింది. ఆవిడ గాజులు ఫోనుకి తగులుతున్న చప్పుడు నాకు ఇటునుంచీ అటునుంచీ వినబడుతోంది. ఆవిడ పెట్టేస్తారనుకున్నాను, తిడతారనుకున్నాను. తిట్టినా బాగుండేది.

“పొగరన్నానండీ” అన్నారు, ఫోన్లోకే. “ఆ తల్లిని పొగరన్నాను.”